సవతి సర్దుకుంటే వసతి: తెలుగు గళ్ళనుడికట్టు కూర్చే పద్ధతి

చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి పొద్దున్నే కాఫీతోపాటు హిందూ పత్రికలో ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ పూరించే అలవాటుంది. ఆ చేత్తోనే తెలుగులో ఒకటి కూర్చుదామని కూర్చుంటారు, నాలుగో మాట దగ్గరే ఆగిపోతారు. తెలుగు మాటలకు కొదవేమీ లేదు. 15 నిలువులు, 15 అడ్డాల ఇంగ్లీషు గళ్ళను అలాగే తెచ్చి తెలుగుకు తొడగడంతోనే చిక్కు వస్తుంది. ఇంగ్లీషు గడిలో కూర్చునేది ఒక లెటరు. తెలుగు గడిలో కూర్చునేది నిండు అక్షరం, గుణింతంతో, ఒత్తుతో, సున్నతో సహా. గళ్ళ సైజు, ఆధారాల్లో (మాట పట్టుకోవడానికి ఇచ్చే సూచనల్లో) కిటుకులు, న్యాయాన్యాయాలు అన్నీ ఈ ఒక్క తేడానుంచే పుడతాయి.

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ చేతుల మీదుగా మొదలైంది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ ఇలాంటి పదకేళులు కూర్చారు. ఇద్దరూ మద్రాసులో బతికినవాళ్ళే. కాబట్టి ఈ ఊళ్ళో ఇది కొత్తగా దిగిన ఆటేమీ కాదు.

అక్షరాల లెక్క

ముందు లెక్క కుదుర్చుకోవాలి. ‘స్త్రీ’ ఒక గడి. ‘పందిరి’ మూడు గళ్ళు: పం, ది, రి. ‘దుఃఖం’ రెండు. మాట చివర పొల్లు వస్తే దానికి సొంత గడి ఇవ్వడం వాడుక: ‘మైలాపూర్’ నాలుగు గళ్ళు, చివరి గడిలో ‘ర్’. అయితే పొల్లు గడిలోంచి ఇంకో మాట మొదలుకాలేదు. అందుకని బస్సు, పార్కు, మైలాపూరు అని చివర అచ్చు పలికేలా రాసుకుంటే పని సులువు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలను మొదట్లో ముట్టుకోకండి. నడుమనున్న ‘ఫ్ట్’ను ఒకరు వేరే గడి అంటారు, ఇంకొకరు ముందు అక్షరంలో కలిపేస్తారు.

అరసున్నలు, బండి ‘ఱ’ వదిలేయండి. ‘పెళ్ళి’ అని రాస్తారో ‘పెళ్లి’ అని రాస్తారో మొదటే తేల్చుకుని, ఒక పజిల్ అంతా అదే పాటించండి. గళ్ళ సంఖ్య మారదు కానీ ఇంకో మాట అడ్డు వచ్చిన చోట తేడా కొడుతుంది. ఊరిపేర్ల దగ్గర మరీ జాగ్రత్త. ఎగ్మోర్, ఎగ్మూరు మూడేసి గళ్ళు, ఎళుంబూరు నాలుగు. మూడు పేర్లూ చెన్నై తెలుగువాళ్ళ నోట వినిపిస్తాయి.

లెక్కను కంప్యూటరుకు వదిలేస్తే మోసపోతారు. ఎక్సెల్‌లో నిడివి లెక్కించే ఫార్ములా ‘స్త్రీ’కి 6 అని చెబుతుంది. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు ముక్కలు మరి. ‘వసతి’కి 4 అంటుంది. ఇంగ్లీషు కోసం తయారైన క్రాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇలాగే ఒత్తును ఒక గడిలో, గుడిని ఇంకో గడిలో వేస్తాయి. షీట్‌లో ఒక్కో సెల్లులో ఒక్కో అక్షరం చేత్తో టైపు చేసుకోవడమే మేలు.

గళ్ళు గీయడం

మొదటిసారి 9 అడ్డాలు, 9 నిలువుల కంటే పెద్దది వద్దు. తెలుగు మాటలు ఎక్కువగా మూడు నుంచి ఐదు అక్షరాల్లో ముగుస్తాయి. 15 గళ్ళ వరుసలు పెట్టుకుంటే వాటిని నింపడానికి సమాసాలు అల్లాల్సి వస్తుంది.

ఈ కింది అమరిక నిశ్చింతగా వాడుకోవచ్చు. సరిసంఖ్య వరుస, సరిసంఖ్య నిలువు కలిసే 16 గళ్ళూ నలుపు చేయండి. నట్టనడిమి గడి, అంటే 5వ వరుసలో 5వది, నలుపు. ఆపైన మరో ఎనిమిది: 1వ వరుసలో 4వ గడి, 3వ వరుసలో 6వది, 4వ వరుసలో 3, 9, 6వ వరుసలో 1, 7, 7వ వరుసలో 4వది, 9వ వరుసలో 6వది. మొత్తం నల్లగళ్ళు 25, తెల్లగళ్ళు 56. కాగితాన్ని తలకిందులుగా తిప్పినా బొమ్మ మారదు. అడ్డం 10, నిలువు 10 మాటలు పడతాయి: మూడక్షరాలవి 8, నాలుగువి 4, ఐదువి 8. రెండక్షరాల మాటలు దీంట్లో రావు. కింద కిటుకులు చూపడానికి ఇచ్చిన రెండక్షరాల ఆధారాలను వేరే అమరికల్లో వాడుకోవచ్చు.

మాట మొదలయ్యే ప్రతి గడికీ ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి వరసగా నంబరు వేయండి. చివరి నంబరు 17 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక నల్లగడి తప్పిపోయినట్టే.

ఈ అమరికలో ప్రతి మాటకూ కనీసం సగం అక్షరాలు ఇంకో మాటతో కలుస్తాయి. అది చాలా ముఖ్యం. ఒక్క అక్షరం కూడా కలవని మాటకు ఆధారం తెలియకపోతే పూరించేవాళ్ళకు ఇంకో దారి ఉండదు.

మాటలు నింపడం

పనంతా ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో రెండు మాటలు కలిసే చోట ఒక్క లెటరు కుదిరితే చాలు. మనకు ‘ర’ ఉన్నచోట ‘రా’ సరిపోదు, ‘రం’ సరిపోదు. అందుకే మాటల పోగు ముందే పెట్టుకోవాలి. నోటు పుస్తకంలో మూడు, నాలుగు, ఐదు అక్షరాల మాటలకు వేరువేరు పేజీలు పెట్టి, ఒక్కో పేజీలో కనీసం వంద రాసుకోండి.

పైన చెప్పిన గళ్ళలో మాటలు దాదాపు అన్నీ 1, 3, 5 స్థానాల్లోనే కలుస్తాయి. 2, 4 స్థానాల్లోని అక్షరాలు ఎవరికీ అడ్డురావు. కాబట్టి ఒత్తులు, వింత గుణింతాలు సరి స్థానాల్లో ఉండే మాటలు ఏరుకోండి. బేసి స్థానాల్లో క, మ, ల, వ, స, ర, న, త, ప లాంటి తలకట్టు అక్షరాలుంటే చేయి తిరుగుతుంది. 10 అడ్డం, 12 నిలువు మాత్రం దీనికి తిరకాసు. అక్కడ కలిసేవి 2, 4 స్థానాలు.

ఇంకో ఆరు గళ్ళు కీళ్ళలాంటివి. అక్కడ ఒక మాట ముగిసి, అదే గడిలో ఇంకోటి మొదలవుతుంది. 1 అడ్డం చివర 2 నిలువుకు మొదలు, 3 అడ్డం చివర 5 నిలువుకు, 10 అడ్డం చివర 11 నిలువుకు. అలాగే 1 నిలువు చివర 8 అడ్డానికి మొదలు, 13 నిలువు చివర 16 అడ్డానికి, 15 నిలువు చివర 17 అడ్డానికి. ఈ ఆరు మాటలూ ణం, ళం, డు, వు, ళ్ళు లాంటివాటితో ముగియకూడదు. ‘ణ’తో, ‘ళ’తో తెలుగు మాట మొదలవదు. ‘డు’తో మొదలయ్యేవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ‘రం’, ‘లం’, ‘నం’ అయితే రంగవల్లి, లంగరు, నంగనాచి లాంటివి దొరుకుతాయి. మరీ ఇరుకున పడితే ‘వృషభం’ బదులు ‘వృషభము’ అనుకోవచ్చు, ‘ము’తో మాటలు బోలెడు. అయితే అప్పుడు ఆధారంలో ‘గ్రాంథికంలో’ అనో ‘పద్యంలో’ అనో ఒక ముక్క ఉండి తీరాలి.

ఒక మూల నింపి చూద్దాం. 1 నిలువుకు ఐదక్షరాల ‘నవవధువు’ బాగుందనిపిస్తుంది. పెడితే 8 అడ్డం ‘వు’తో మొదలవ్వాలి. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. దాన్ని తీసేసి ‘వనసంపద’ పెట్టండి: వ, న, సం, ప, ద. 1 అడ్డం ‘వరుస’, దాని చివరి ‘స’నుంచి కిందికి 2 నిలువు ‘సరిత’. ఇప్పుడు 6 అడ్డానికి మొదటి అక్షరం ‘సం’, మూడోది ‘త’ అయ్యాయి. ‘సంగీతసభ’ సరిగ్గా కూర్చుంటుంది. డిసెంబరు నెల చెన్నైకి ఇంతకంటే తగిన మాట ఉండదు. 8 అడ్డం ‘ద’తో మొదలై నాలుగక్షరాలు: దద్దోజనం. దీంట్లో ‘ద్దో’ రెండో స్థానంలో ఉంది కాబట్టి ఎవరినీ ఇబ్బంది పెట్టదు. మూడో అక్షరం ‘జ’నుంచి 9 నిలువు మొదలవుతుంది. ‘జ’తో ఐదక్షరాల మాట వెతకడం పెద్ద కష్టం కాదు.

ఐదక్షరాలవి ముందు, మూడక్షరాలవి చివర నింపండి. చివర్లో ఒక మూల ఎంతకీ కుదరకపోతే అక్షరాలు గజిబిజి చేసి వేసేసి, ఆధారంలో ‘తడబడింది’ అని రాయడం తెలుగు పజిళ్ళలో పాత అలవాటు. ఇది మానేయాలి. సమాధానం గళ్ళలో కూడా సమాధానంలాగే కనిపించాలి. మొత్తానికి ఒక్క మాట తిరగేసి రాయించడం వరకు ఓర్చుకోవచ్చు, అదీ ‘కుడినుంచి ఎడమకు’, ‘కిందినుంచి పైకి’ అని స్పష్టంగా చెప్పినప్పుడే. గళ్ళు కుదరకపోతే నాలుగు మాటలు పీకి మళ్ళీ కట్టాలి. వేరే మందు లేదు.

ఆధారాలు రాయడం

మంచి ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి సమాధానానికి సూటిగా అర్థం. రెండోది ఆ మాటను అక్షరాల్లోంచి కట్టే కిటుకు. అర్థం ఎప్పుడూ వాక్యానికి ఒక కొసన ఉండాలి, మధ్యలో ఇరుక్కోకూడదు. రెంటినీ కలిపే లంకె తెలుగులో మనకు పుట్టుకతోనే ఉంది: ‘తే’.

సవతి సర్దుకుంటే ఉండడానికి చోటు (3). స, వ, తి అక్షరాలు సర్దితే వసతి; బ్రాకెట్లో అంకె సమాధానం పట్టే గళ్ళ సంఖ్య. చదివేవాళ్ళకు ఒక ఇంటి గొడవ కనిపిస్తుంది, లోపల లెక్క మాత్రం కచ్చితంగా సరిపోతుంది. ఆధారం ఇలా రెండు పొరలుగా పలకాలి.

తారుమారు కిటుకు తెలుగులో కనిపించినంత తేలిక కాదు. కలవరం, కలరవం చూడండి. పైకి ఒకే అక్షరాలు చెదిరినట్టు ఉంటాయి. కానీ మొదటిదాంట్లో వ, రం, రెండోదాంట్లో ర, వం. సున్న చోటు మారింది, కాబట్టి చెల్లదు. నవల, వలన అయితే చెల్లుతాయి: వలన చెదిరిన పెద్ద కథ (3). చెదిరింది, కలగాపులగం, సర్దుకుంది, తడబడింది లాంటి సూచన మాట ఒకటి తప్పనిసరి. చెదరాల్సిన మాట కూడా ఆధారంలో ఉన్నదున్నట్టు కనపడాలి. దాని పర్యాయపదం ఇచ్చి, ముందు అది ఊహించి తర్వాత చెదరగొట్టమనడం అన్యాయం.

తిరగేత మన భాషకు బాగా అచ్చొచ్చిన కిటుకు. మర తిప్పితే లక్ష్మి (2): రమ. లంక తిరగేస్తే రాసేది (2): కలం. పలక తిరగేస్తే వడ్రంగికి కావలసింది (3): కలప. వికటకవి పుట్టిన భాషలో ఇలాంటివి దొరకడంలో వింతేముంది.

అతుకులో రెండు మాటలు పక్కపక్కన చేరతాయి. కల, వరం కలిసొచ్చినా కంగారే (4): కలవరం. ఆవు ఊరు చేరితే దూరంనుంచే దణ్ణం పెట్టుకునేది (3): గో, పురం కలిసి గోపురం.

కోతలో తలో, తోకో, నడుమో పోతుంది. ఒక్క వానరం చాలు దీనికి. కోతికి తోక కోస్తే కురిసేది (2): వాన. కోతి నడుము తీసేస్తే ఏడు రోజులు (2): వారం. ఇక్కడ పర్యాయపదం వాడినా తప్పులేదు, అక్షరాల వరస చెదరలేదు కాబట్టి. కోయాల్సిన మాటనే ఇస్తే దాన్ని ప్రథమా విభక్తిలో ఉంచండి. ‘కవనానికి తల తీస్తే’ అన్నప్పుడు ‘నం’ కాస్తా ‘నా’ అయింది. ‘తల తెగిన కవనం అడవే’ (2) అంటే అక్షరాలు చెక్కుచెదరవు, తల తీస్తే ‘వనం’ చేతికొస్తుంది. సున్నతో ముగిసే మాటలన్నిటికీ ఈ బెడద ఉంది.

దాగుడుమూతలో సమాధానం ఆధారంలోనే వరసగా ఉంటుంది. వదిన మణిహారంలో సూర్యుడు (4). మొదటి ‘వ’ వదిలి చదవండి: దినమణి. చెన్నైలో పూరించేవాళ్ళకైతే ‘సూర్యుడు’ తీసి ‘తమిళ పత్రిక’ అని పెట్టినా పనిచేస్తుంది. సంధి జరిగిన చోట మాత్రం మాట దాచకండి. సంధి కలిపితే ఒక అక్షరం, విడదీస్తే ఇంకొకటి అవుతుంది.

ఇక రెండర్థాలు. కిటుకేమీ లేకుండా రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టేయడమే. సర్కారు వేసేది, డాక్టరు పీకేది (2): పన్ను. పంక్తిలోనూ ఉంది, చుట్టరికంలోనూ ఉంది (3): వరుస. చెన్నైకే చెల్లే ఒకటి కూడా ఉంది. తమిళుడికి తొందర, మనకు అక్కర (4): అవసరం. ఇరుభాషల మధ్య బతికేవాళ్ళకు ఇలాంటివి వెంటనే తగులుతాయి, హైదరాబాదుకు పంపేటప్పుడు మార్చుకోవాలి.

అర్థం, సమాధానం ఒకే రూపంలో ఉండాలి. సమాధానం నామవాచకమైతే ‘కురుస్తోంది’ అనకూడదు, ‘కురిసేది’ అనాలి. బహువచనానికి బహువచనం, ‘కి’ ఉన్నదానికి ‘కి’. రెండు మాటల సమాధానమైతే (3,2) అని విడగొట్టి అంకెలివ్వండి.

20 ఆధారాల్లో ఆరేడు మామూలు అర్థాలతో సరిపెట్టండి. అన్నీ కిటుకులైతే కొత్తవాళ్ళకు కాలు పెట్టే చోటే ఉండదు. ‘గుళ్ళో ప్రసాదంగా పెట్టే పెరుగన్నం (4)’ అని దద్దోజనానికి సాదాగా రాస్తే వచ్చిన లోటేమీ లేదు, దాని అక్షరాలు పట్టుకుని పక్క మాటలు విడిపోతాయి. అరుదైన మాట పెట్టాల్సి వస్తే దానికి తప్పకుండా తేలికైన ఆధారమే ఇవ్వండి. శబ్దరత్నాకరంలోనో, మద్రాసులో అచ్చయిన 1852 నాటి బ్రౌను నిఘంటువులోనో ఆ మాట, ఆ అర్థం ఉన్నాయో లేదో చూసుకోండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. పుస్తకాలే తిరగేయాలనుకుంటే ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ ఉండనే ఉంది.

పరీక్ష, అచ్చు

అచ్చుకిచ్చే ముందు ముగ్గురి చేత పూరించి చూడండి. ముగ్గురూ ఒకే జిల్లావాళ్ళు కాకూడదు. చెన్నైలో ఒకే అపార్టుమెంటులో నెల్లూరు, చిత్తూరు, గుంటూరు వాళ్ళుంటారు, తరాలుగా తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళూ ఉంటారు. ఆనపకాయ ఐదు గళ్ళు, సొరకాయ నాలుగు. వేరుశనగలు ఒకింట్లో పల్లీలు, ఇంకో ఇంట్లో బుడ్డలు. ఇలాంటి మాటలకు ‘కోస్తాలో’, ‘సీమలో’ అని గుర్తు పెట్టండి. పరీక్షించేవాళ్ళు పూరిస్తున్నప్పుడు నోరు మెదపకండి. ఎక్కడ ఆగారో, ఏ తప్పు మాట రాశారో గుర్తు పెట్టుకోండి. ఆ తప్పు మాట గళ్ళలో సరిపోయి, ఆధారానికీ సరిపోతే మార్చాల్సింది ఆధారాన్నే.

ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలు కొందరికి తెలుగు మాట వస్తుంది, రాత రాదు. వాళ్ళతో కూర్చున్నప్పుడు ఆధారం ఒకరు పైకి చదివి, గళ్ళ సంఖ్యకు తగ్గట్టు చప్పట్లు కొట్టండి. ‘మా-మి-డి’ అని విడగొట్టి పలికితే అక్షరాల లెక్క వాళ్ళకు చటుక్కున అందుతుంది.

కాగితం మీద ఒక్కో గడి 11 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే చిన్నదైతే చేత్తో ‘స్త్రీ’ రాసినప్పుడు ఒత్తులు కింది గడిలోకి జారతాయి. గూగుల్ షీట్స్‌లో అడ్డం, నిలువు రెండూ 42 పిక్సెళ్ళు పెడితే ఇంచుమించు ఆ సైజు వస్తుంది. నంబరు 7 పాయింట్లలో ఎడమ పైమూలకు. జవాబుల గళ్ళకు నోటో సాన్స్ తెలుగు ఫాంటు 16 పాయింట్లలో పెట్టి, ఒత్తులు తెగుతున్నాయేమో ఒక కాపీ తీసి చూడండి. తెర మీద బాగానే ఉండి ప్రింటులో తెగడం మామూలే. ఫోన్లో పంపేటప్పుడు బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపండి, లేకపోతే అవతలివాళ్ళ ఫాంటును బట్టి గళ్ళు చెదిరిపోతాయి.

జవాబులు వారం తర్వాత ఇవ్వండి. గళ్ళు నింపిన బొమ్మ ఒక్కటే ఇస్తే సరిపోదు. ప్రతి ఆధారం పక్కన కిటుకు విప్పి రాయాలి: ‘పలక’ తిరగేస్తే ‘కలప’, వడ్రంగికి కావలసింది. మీరే ఒక వాక్యంలో విప్పలేని ఆధారం ఏదైనా మిగిలితే, పజిల్ పంపకముందే దాన్ని తీసేసి ఆ మాటకు ఇంకోటి రాయండి.